ఏ ఏడాది సంప్రదాయం?

పోయిన వారం పాత వస్తువులు అమ్ముకునే యాప్‌లో ఒక గిటారు ప్రకటన కనిపించింది. "100 శాతం ఒరిజినల్. తొమ్మిదేళ్లలో ఒక్క స్క్రూ కూడా విప్పలేదు" అని గొప్పగా రాసి, అదే మోడల్‌కి మిగతావాళ్లు అడిగే ధర మీద ఇంకో ఐదారు వేలు వేశాడు. నాకు నవ్వొచ్చింది. తొమ్మిదేళ్లలో స్క్రూ విప్పలేదంటే దాన్ని ఎవరూ సరిగా వాయించలేదన్నమాట. వాయిస్తే ఫ్రెట్లు (మెడ మీది లోహపు మెట్లు) అరుగుతాయి, వైరు గుచ్చే జాక్ వదులవుతుంది, వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది. ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకోక తప్పదు.

ఇదే మాట ఫోన్లో మా తమ్ముడితో అన్నాను. "నువ్వా అనేది? ఏడాదిన్నరగా నీ గిటారుని ఒరిజినల్ చెయ్యాలని జీతం తగలేస్తున్నది ఎవరన్నయ్యా?" అన్నాడు.

అప్పటికి నోట మాట రాలేదు. నేను చేసింది ఒరిజినల్ చెయ్యడం కాదు, పాతకాలపు పద్ధతికి తీసుకురావడం అని చెప్పబోయాను గానీ, ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకే తేలలేదు. వారం ఆలోచించాక తేలినదేదో ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారి గిటారు

రెండేళ్ల కిందట దాన్ని రాజమండ్రిలో ఒక మాస్టారి దగ్గర కొన్నాను. లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో లీడ్ వాయించిన మనిషి. పెళ్లిళ్లు, తీర్థాలు, వినాయక పందిళ్లు, అన్నీ చూశారు. మోకాళ్లు సహకరించక రాత్రంతా నిలబడి వాయించడం మానేశారు. అమెరికా కంపెనీ గిబ్సన్ చేసే ఈఎస్-335 నమూనాలో కొరియాలో చేసిన సెమీ హాలో (సగం బోలు) ఎలక్ట్రిక్ గిటారు, చెర్రీ ఎరుపు. 22 వేలకి బేరం కుదిరింది.

"మార్పులు చాలా చేశానండీ. ఇప్పుడే చూసుకోండి, తర్వాత నన్నేమీ అనకూడదు" అన్నారు.

చూశాను. నాబుల మధ్య చిల్లు వేసి ఒక బుల్లి స్విచ్చి పెట్టించారు. తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండూ మార్చేశారు. మీటర్ పెడితే ఒక్కొక్కటి 14 కిలో ఓమ్స్ చూపించింది, అంటే హెవీ మెటల్ కుర్రాళ్లు వాడే రకం. తలకాయకి నల్లటి లాకింగ్ కీలు, అంటే తీగని పట్టి బిగించే శ్రుతి కీలు. ఒంటి మీద గీతలు పడకుండా ఉండే పలక, అదే పిక్‌గార్డ్, లేదు. తీగలు 9 గేజ్, అంటే బాగా సన్నటివి, దారాల్లా ఉన్నాయి. అన్నిటికీ మించి, ఒంటి మీద ఎఫ్ అక్షరంలా ఉండే రెండు ఎఫ్ చిల్లుల్లోంచి చూస్తే లోపల నల్లటి స్పాంజి కుక్కి ఉంది. గిన్నెలు తోముకునే స్పాంజి కాదు, సీటు కవర్లలో వేస్తారే, అది.

"పాత పార్టులేమైనా ఉన్నాయా మాస్టారూ?"

"ఎక్కడున్నాయండీ బాబూ! పదిహేనేళ్ల నాటి మాట."

తిరుగు రైల్లో, గిటారు కేసు పై బెర్తు మీద పెట్టుకుని పడుకోకుండానే, ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఈ మనిషి చేసినవన్నీ పీకేసి దీన్ని 1958 నాటి రూపానికి తేవాలి. 1958 ఎందుకంటే ఈఎస్-335 పుట్టిన ఏడాది అది. ఇంటికి రాగానే, బట్టలైనా మార్చుకోకుండా, వేలికి దొరికినంత స్పాంజి లాగి చెత్తబుట్టలో వేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

1958లో ఏ నెల?

పని మొదలుపెట్టాక తెలిసింది, నేను తలదూర్చింది ఎలాంటి వ్యవహారంలోనో. "ట్రెడిషనల్ 335" అని ఒక్క వస్తువు లేదు. 1958లో మొదట్లో వచ్చినవాటికి మెడ అంచున తెల్ల పట్టీయే (బైండింగ్) లేదు, కొన్నాళ్లకి వచ్చింది. పిక్‌గార్డ్ మొదట తీగలు ఆనే బ్రిడ్జి దాటి కిందికి దిగేది, 1960, 61 నాటికి పొట్టిదైపోయింది. మెడ లావు కూడా అంతే, 1958లో గుప్పెడంత ఉన్నది 1960కి సన్నబడింది. ఫ్రెట్‌బోర్డు మీద గుండ్రటి చుక్కలు 1962లో నలుచదరం బిళ్లలయ్యాయి. 1965 వచ్చేసరికి తీగల చివర్లు పట్టుకునే, చెక్కలోకి దిగిన స్టాప్ టెయిల్‌పీస్ పోయి, వెనకంచు నుంచి వేలాడే ట్రపీజ్ వచ్చింది. ఏడేళ్లలో ఇన్ని మార్పులు చేసింది వేరెవరో కాదు, చేసిన కంపెనీయే. మరి ఇందులో సంప్రదాయం ఏ ఏడాదిది?

ఇంకా వెనక్కి వెళితే ఇంకా తమాషా. సెమీ హాలో అన్న ఆలోచనకి తాత లాంటిది అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో చేసుకున్న "లాగ్" (దుంగ). ఆదివారాలు ఎపిఫోన్ గిటార్ల ఫ్యాక్టరీలో కూర్చుని, నాలుగంగుళాలకి నాలుగంగుళాల పైన్ దుంగకి పికప్‌లూ తీగలూ బిగించాడు. ఊళ్లో వాయిస్తే జనం పట్టించుకోలేదట. అప్పుడు ఒక పాత ఎపిఫోన్ గిటారుని రెండు ముక్కలుగా కోసి, దుంగకి అటూ ఇటూ రెక్కల్లా తగిలించాడు. అదే దుంగ, అదే శబ్దం. జనం చప్పట్లు కొట్టారు. జనం కళ్లతో వింటారని ఆయనకి ఆ రోజే అర్థమైందని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అంటే ఈ గిటారు వంశానికి మూలపురుషుడే ఒక మాడిఫికేషన్. అందులో సగం వేషం.

వేషం అంటే చిన్నచూపుతో అనడం లేదు. 335 వొళ్లు ఏమిటనుకున్నారు? మేపుల్, పోప్లార్ పొరలు అతికించిన చెక్క. మన టింబర్ డిపో భాషలో ప్లైవుడ్. మధ్యలో నిలువునా మేపుల్ దిమ్మ, అటూ ఇటూ బోలు రెక్కలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి వీణ తొలిచేవాళ్లకి ఇది చూపిస్తే ముఖం తిప్పుకుంటారేమో. కానీ ఆ ప్లైవుడ్డే, ఆ దిమ్మే ఆ గిటారుకి దాని గొంతునిచ్చాయి.

పికప్‌ల సంగతీ అంతే. సెత్ లవర్ అనే గిబ్సన్ ఇంజనీరు 1955లో గుయ్‌మనే హమ్ తగ్గించే జంట కాయిల్ పికప్, అదే హంబకర్‌కి పేటెంట్ అడిగాడు, 1959లో వచ్చింది. "పేటెంట్ కోసం దరఖాస్తు చేశాం" అన్న చీటీ అతికించినవే ఈరోజు ప్రపంచమంతా పీఏఎఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) అని కళ్లకద్దుకునే పికప్‌లు. తీగ చుట్టే యంత్రాలు సరిగ్గా ఇన్ని చుట్లకి ఆగాలని లేకపోవడంతో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండేది కాదు. ఒకటి 7 కిలో ఓమ్స్, పక్కది 9. "అచ్చం పీఏఎఫ్ లాంటిది" అని అమ్ముతుంటే, ఏ పీఏఎఫ్ లాంటిది నాయనా అని అడగాలనిపిస్తుంది. అడగలేదు. రెండు కొన్నాను.

ఎఫ్ చిల్లులోంచి దారం

సెమీ హాలోలో వైరింగ్ మార్చినవాళ్లకి ఈ భాగం చెప్పక్కర్లేదు, వాళ్ల వేళ్లే చెబుతాయి. మామూలు గిటారుకి వెనక మూత ఉంటుంది. దీనికి లేదు. నాలుగు పాట్‌లు (నాబుల కింద తిరిగే రెసిస్టర్లు), పికప్ ఎంచుకునే సెలెక్టర్ స్విచ్చి, జాక్, వాటి మధ్య వైర్లు, మొత్తం గుత్తిని ఎఫ్ చిల్లులోంచి బయటికి లాగాలి, కొత్తది అదే చిల్లులోంచి లోపలికి తోసి, ఒక్కో కాడనీ దాని రంధ్రంలోంచి పైకి తేవాలి.

కోఠి గుజరాతీ గల్లీలో వైరు, లెడ్, పాలిస్టర్ కెపాసిటర్లు కొన్నాను. 500 కిలో ఓమ్స్ పాట్‌లు మాత్రం అమెరికా నుంచి వచ్చే స్నేహితుడితో తెప్పించాను. అవి చేతికొచ్చాక రెండు సంగతులు తెలిశాయి. అమెరికా పాట్ కాడ లావు, కొరియా గిటారు చిల్లు సన్నం. ఇక కాడ మీది పళ్లు 24, నా పాత నాబుల్లో పళ్లు 18. అంటే చిల్లులు పెద్దవి చెయ్యాలి, నాబులు మళ్లీ కొనాలి. డ్రిల్లు పెడితే పెయింటు పెచ్చులూడుతుందని భయపడి, మాస్కింగ్ టేపు అంటించి, చేత్తో తిప్పే రీమర్‌తో పావుగంటకొక చిల్లు చొప్పున చేశాను.

అట్టముక్క మీద ఎఫ్ చిల్లు, నాబుల స్థానాలు గీసుకుని, గుత్తి మొత్తం బయటే సోల్డరింగ్ చేశాను. అక్వేరియంలో గాలి పంపే సన్నటి పైపు ముక్కలు నాలుగు కాడలకి తొడిగి, ఆ పైపుల్ని రంధ్రాల్లోంచి పైకి లాగితే వెనకే పాట్‌లు రావాలి. మూడు వచ్చాయి. నాలుగోది వస్తుండగా పైపు ఊడింది. దాన్ని పట్టుకోబోతే జాక్ లోపల పడింది. గిటారు తలకిందులు చేసి ఊపితే రెండోది కూడా జారింది. మా అమ్మాయి వచ్చి, తలపిన్ను వంచి కొక్కెం చేసి, నాలుక బయటపెట్టి, పది నిమిషాల్లో జాక్ పైకి తెచ్చింది. మొత్తం నాలుగు గంటలు పట్టింది. అప్పుడు మాస్టారు గుర్తొచ్చారు. ఆ బుల్లి స్విచ్చి పెట్టించినప్పుడు ఈ గొడవంతా ఎవరో ఆయన కోసం పడ్డారు కదా, ఊరికే ఎందుకు పడతారు?

ఇంతకీ నేను మార్చిందేమిటి? అందరూ "ఫిఫ్టీస్ వైరింగ్", అంటే యాభైల నాటి వైరింగ్, అనేదే. టోన్ నుంచి వచ్చే కెపాసిటర్ కాలు వాల్యూమ్ పాట్‌లో పికప్ చేరే కాలికి కాకుండా మధ్య కాలికి వెళుతుంది. వైరు జరిగేది అర అంగుళం. కానీ వాల్యూమ్ తగ్గిస్తే సౌండు మూసుకుపోయినట్టు అవడం మానుతుంది, 4 మీద పెట్టినా అక్షరం అక్షరం వినిపిస్తుంది. నాకు మొత్తం ఖర్చులో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పైసా ఖర్చు లేని అర అంగుళమే.

దీనికో లోటు ఉంది. సెలెక్టర్ మధ్యలో ఉన్నప్పుడు, అంటే రెండు పికప్‌లూ పలుకుతున్నప్పుడు, ఏ ఒక్క వాల్యూమ్ సున్నా చేసినా గిటారు మొత్తం నోరు మూసుకుంటుంది. 1958లోనూ అంతే. మాస్టారు దాన్ని వైర్లు తారుమారు చేసి సరిచేయించుకున్నారు. నేను ఆ సరైనదాన్ని విప్పి, ఆ లోటుని భక్తిగా మళ్లీ ప్రతిష్ఠించాను. మా ఆవిడకి ఇది వివరిస్తే, "అంటే బాగున్నదాన్ని పాడు చేసుకున్నారు" అంది. రెండు వాల్యూమ్‌ల మధ్య శబ్దాన్ని కలుపుకునే పద్ధతి పోకూడదనీ, ఆయన పద్ధతిలో వాల్యూమ్ తగ్గిస్తే గొంతు మందమవుతుందనీ చాలాసేపు చెప్పాను. నిజమే చెప్పాను. అయినా ఆవిడ అన్నదీ తప్పు కాదు.

కెపాసిటర్ల గురించి ఒప్పేసుకుంటాను. పాత గిబ్సన్‌లలో ఉండే, ఒంటి మీద రంగుల చారలుండే 'బంబుల్‌బీ' కెపాసిటర్ నకలు ఒకటి వేల రూపాయలు పోసి తెప్పించాను. దాని పక్కన కోఠీలో కొన్న ఆకుపచ్చ చాక్లెట్ లాంటిది, అదే 0.022 మైక్రోఫారడ్. బిగించే ముందు వైర్లు బయటికి తీసి, మొసలి క్లిప్పులు తగిలించి, నేను అటు తిరిగి వాయిస్తుంటే తమ్ముడు మార్చాడు. పదిసార్లలో ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. రూపాయి బిళ్ల ఎగరేసినా అన్నే వస్తాయి. అయినా ఖరీదైనదే బిగించాను. ఎఫ్ చిల్లులోంచి టార్చి వేసి చూసినా అది కనిపించదు. ఎందుకు బిగించానో అడక్కండి.

లాగడం, జారడం

పార్టుల గోల పక్కన పెడితే, పాతకాలపు రుచిని నా చేతికి నేర్పింది తీగలే. 1958లో కుర్రాళ్లకి 9 గేజ్ తీగలు దొరికేవి కావు, సన్నటి సెట్లు దుకాణాల్లోకి వచ్చింది 60ల్లో. అప్పటి సెట్టులో మూడో తీగకీ సన్నటి వైరు చుట్టు ఉండేది. నేను 12 గేజ్ ఫ్లాట్‌వుండ్ సెట్టు, అంటే పైచుట్టు చదునుగా ఉండే లావు తీగలు, ఎక్కించాను. తలకాయ దగ్గర తీగలు కూర్చునే పట్టీ, అదే నట్, దాని గాడులు వెడల్పు చెయ్యాల్సి వచ్చింది కాబట్టి ప్లాస్టిక్‌ది తీయించి ఎముకది పెట్టించాను. మెడ వంపు సరిచేసే ట్రస్ రాడ్ పావు చుట్టు, మళ్లీ పావు చుట్టు.

మొదటి వారం ఏడుపొచ్చింది. మన పాటలు వాయించే చేతికి తీగ లాగడం అలవాటు. పాడేవాళ్ల గొంతు ఎక్కడ వణికితే అక్కడ తీగ లాగుతాం. చుట్టున్న మూడో తీగ అర స్వరం కూడా కదలనంది. 22 వేల గిటారు మీద 1,800 పెట్టి కొన్న తీగలు నన్ను శత్రువులా చూశాయి. ఇది అమెరికన్ జాజ్ వాళ్ల సంప్రదాయం, మనది కాదు, మన చేతికి సంప్రదాయం అంటే లాగుడే కదా అని నాకు నేనే వాదించుకున్నాను. ఆ వాదనలో బలముంది. మాండలిన్ శ్రీనివాస్ చేసింది అదేగా. పాలకొల్లు కుర్రాడికి జంట తీగల మీద గమకం పలక్కపోతే, ఎనిమిది తీగల వాద్యాన్ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకున్నాడు. వాద్యం పద్ధతి పక్కకి పోయింది, పాట పద్ధతి నిలబడింది. అలా చూస్తే నేను తిరగేసి చేస్తున్నాను, వాద్యం పద్ధతి కోసం పాటని ఇబ్బంది పెడుతున్నాను.

తీసేద్దామనుకుంటూనే మూడు వారాలు గడిచాయి. ఈలోగా చెయ్యి తనంతట తాను వేరే దారి వెతుక్కుంది. లాగలేనిచోట జారడం మొదలుపెట్టింది. కింది ఫ్రెట్ నుంచి పై ఫ్రెట్‌కి వేలు ఎత్తకుండా, ఫ్లాట్‌వుండ్ నునుపు మీద గీత చప్పుడు లేకుండా. విజయనగరంలో మా పిన్ని వీణ మీద జారు పలికించేటప్పుడు వినిపించేది దగ్గర దగ్గర ఇదే. లాగినప్పుడు స్వరం ఏడుస్తుంది, జారినప్పుడు నడుస్తుంది, నాకలా వినిపించింది. కొన్ని పాటలకి జారితేనే బాగుంది. కొన్నిటికి అస్సలు బాగాలేదు. ఆరు నెలల తర్వాత 11 గేజ్‌కి దిగాను, కానీ మూడో తీగ చుట్టుదే ఉంచాను.

పిన్ని ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆవిడ వీణకి మేళం కట్టే ఆయన వచ్చి, పాత మైనం కరిగించి, ఇరవైనాలుగు మెట్లూ తీసి మళ్లీ కూర్చుతున్నాడు. మెట్టు పెట్టడం, మీటడం, మైనం వెచ్చగా ఉండగానే వెంట్రుకవాసి జరపడం. రోజంతా పట్టింది. ఈ వీణ కొన్నాక ఇది రెండోసారి అంది పిన్ని. నేను తలకాయ వైపు చూసి ఆశ్చర్యపోయాను. చెక్క బిరడాల స్థానంలో ఇనుప గిటారు కీలున్నాయి.

"ఇదేంటి పిన్నీ, వీణకి గిటారు కీలా?"

"బిరడాలు తిప్పీ తిప్పీ మణికట్టు నొప్పి రా. వీటితో శ్రుతి కదలట్లేదు. నువ్వు దేనికి మార్చావు నీ గిటారుకి?"

పాత రకం ప్లాస్టిక్ చెవుల కీలు పెట్టాను, అవి లాకింగ్ కీల కన్నా కొంచెం తక్కువ శ్రుతి నిలుపుతాయి అని చెప్పలేక మాట మార్చాను. ఆవిడ త్యాగయ్య కృతి వాయిస్తూ కీలు గిటారువి పెట్టుకుంది. నేను ఆర్కెస్ట్రా గిటారుకి 1958 చెవులు తగిలించాను. మెట్లు మళ్లీ మళ్లీ పీకి పెట్టుకునే వాద్యంలో ఒరిజినల్ మైనం ఎక్కడుందని ఎవరూ అడగరు. పిన్నిది సంప్రదాయం కాదు అనడానికి నాకు నోరు రాదు. నాది సంప్రదాయం అనడానికి ఆ రోజు నుంచి కొంచెం బెరుగ్గానే ఉంది.

ముప్పై పాటల రాత్రి

మాస్టారికి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాను. ఒకసారి ఆ బుల్లి స్విచ్చి ఎందుకు పెట్టించారని అడిగాను.

"ఒక రాత్రిలో ముప్పై పాటలండీ. ఘంటసాల గారి పాటకొక సౌండు, ఇళయరాజా గారి పాటకొకటి, ఇప్పటి పాటకి ఇంకోటి. మూడు గిటార్లు బస్సెక్కించి మోసుకెళ్లలేను కదండీ. ఆ స్విచ్చి కొడితే పికప్‌లో సగం ఆగి సన్నగా పలుకుతుంది. పెద్ద పికప్పు పెట్టింది కూడా అందుకే. మా పార్టీలో మంచి ఆంప్లిఫయర్ లేదు, గట్టిగా వినబడాలంటే గిటారులోంచే రావాలి."

నేను "లోపాలు" అని పీకినవాటికి ఒక్కోదానికీ ఒక్కో కారణం చెప్పారాయన. తొమ్మిది గేజ్ ఎందుకంటే నాలుగు గంటలు లాగాలి. లాకింగ్ కీలు ఎందుకంటే స్టేజి మీద తీగ తెగితే అర నిమిషంలో కొత్తది ఎక్కాలి. నా మార్పులకి కారణాలు చెప్పమంటే? శనివారం సాయంత్రం గదిలో ఒక్కడినీ కూర్చుని మెల్లగా వాయించుకుంటాను, అదీ నా కారణం. గిటారు నాకు కూడు పెట్టదు. పాతకాలపు రుచి అనేది, చాలామటుకు, దాని మీద బతకనక్కర్లేని వాళ్లకి కుదిరే ముచ్చట. ఇది ఒప్పుకోవడం నాకు అంత సులువుగా లేదు.

అయితే ఆ ముచ్చట పనికిమాలినదనీ అనను. స్విచ్చి పోయాక, కాలితో తొక్కే ఎఫెక్ట్ పెడళ్లు తగ్గాక, శబ్దం మార్చుకోవడానికి నాకు మిగిలినవి కుడిచేతి బలం, వాల్యూమ్ నాబు, తీగని బ్రిడ్జికి ఎంత దూరంలో మీటానన్నది. ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నా కుడిచేతిని నేను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వింటున్నాను. ఇది పికప్ చేసిన మేలు కాదు, వేరే దారి లేకపోవడం చేసిన మేలు. అందుకే ఎవరైనా "పాత గిటారుని ట్రెడిషనల్‌గా చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగితే, తీగలు మార్చి మూడు నెలలు ఆగమంటాను. తర్వాత నట్, సెటప్. ఆ తర్వాత అర అంగుళం వైరు. అక్కడికి ఇంకా తృప్తి లేకపోతే పికప్‌లు. కెపాసిటర్లు, నికెల్ మెరుపు, పొడుగు పిక్‌గార్డ్, చెవుల కీలు అన్నీ పండక్కి కొత్త బట్టల లాంటివి. కట్టుకోండి, నేనూ కట్టాను. శబ్దం మారిందని మాత్రం ఎవరితోనూ అనకండి.

ఇంకోటి, నిజంగా అరవైల నాటి గిటారు చేతికొస్తే ఇవేవీ వర్తించవు. ఇంగ్లీషు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1964 నాటి 335 క్రిస్టీస్ వేలంలో 2004లో 8,47,500 డాలర్లకి పోయింది. అలాంటివి విప్పే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. నేను మాట్లాడేది 22 వేల సెకండ్ హ్యాండ్ గిటారు గురించి. దాని సుఖమే అది, దాన్ని పాడు చేసే హక్కు కూడా ఆ ధరలోనే వస్తుంది.

స్పాంజి

పోయిన వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు "అంకుల్, మీరూ రెండు పాటలు వాయించండి" అన్నారు. ముస్తాబైన గిటారుని పదిమందికీ చూపించాలని నాకూ ఉంది. సెల్లార్‌లో పందిరి, వెనకాల మనిషెత్తు స్పీకర్ బాక్సులు. పల్లవి సగంలో ఉండగా నాలుగో తీగ మీద ఒక స్వరం మీటాను. అది ఆగలేదు. మోగుతూ, పెరుగుతూ, కుక్క ఊళలా సెల్లార్ అంతా నిండింది. చెయ్యి వేసి తీగలు మూశాను, తీగలు ఆగాయి, గిటారు ఆగలేదు. పొట్ట మోగుతోంది, అరచేతికి తెలుస్తోంది. సౌండ్ కుర్రాడు "అంకుల్, ఫీడ్‌బ్యాక్ కొడుతోంది, దూరం జరగండి" అని అరిచాడు. జరగడానికి ఒకవైపు వినాయకుడు, ఒకవైపు లడ్డూ వేలం బల్ల. వాల్యూమ్ 3కి దించి ఎలాగో ముగించాను. ముందు వరసలో పిల్లలు ఇంకా చెవులు మూసుకునే ఉన్నారు.

మర్నాడు మాస్టారికి ఫోన్ చేశాను. నేను ఇంకా పూర్తిగా చెప్పనేలేదు.

"స్పాంజి తీసేశారా?"

"తీసేశాను మాస్టారూ."

"అయ్యో. అది ఊరికే పెట్టలేదండీ. పందిట్లో స్పీకరు ఎప్పుడూ మన వెనకే పెడతారు. మధ్యలో దిమ్మ ఉన్నా, ఆ పక్కల బోలు ఊరుకోదు."

సిగ్గుపడాల్సింది ఏమిటంటే, అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ తన గిబ్సన్ ఎఫ్ చిల్లుల్లో గుడ్డలు కుక్కేవాడనీ, ఊళ పెట్టకుండా ఉండాలనే 1980లో వచ్చిన ఆయన లూసీల్ మోడల్‌కి అసలు ఎఫ్ చిల్లులే లేకుండా చేశారనీ నాకు ముందే తెలుసు. స్నేహితుల దగ్గర చెప్పి మెప్పు పొందాను కూడా. అదే పని రాజమండ్రి మనిషి స్పాంజితో చేస్తే నాకు చెత్తలా కనిపించింది. ఆ గిటారులో, నేను డబ్బు పోసి తెచ్చిన వాటితో సహా, స్టేజి మీది పాత వాయిద్యగాళ్లకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు ఆ ముక్కే. నేను ఇంటికి రాగానే మొట్టమొదట పారేసింది దాన్నే.

పరుపులు కుట్టే దుకాణంలో అడిగితే ఫోమ్ ముక్క ఊరికే ఇచ్చారు. తెల్లది. రెండుగా కోసి, పెన్సిల్‌తో ఎఫ్ చిల్లుల్లోంచి లోపలికి తోశాను. పాట్‌ల వైపు కొంచెం తక్కువ, పై వైపు ఎక్కువ. ఎర్ర గిటారులోంచి తెల్లగా పళ్లు ఇకిలిస్తున్నట్టు కనిపిస్తే, మళ్లీ పీకి, నల్లటి ఫోమ్ వెతికి తెచ్చాను. గదిలో వాయిస్తే గాలి కొంచెం తగ్గినట్టుంది. అది నిజంగా తగ్గిందా, స్పాంజి ఉందని తెలిసినందువల్ల అనిపిస్తోందా అనేది తమ్ముడు ఈసారి వచ్చినప్పుడు తేల్చాలి.

మాస్టారి స్విచ్చి, పికప్‌లు, నల్ల కీలు, ఆయన వైరింగ్ గుత్తి విప్పకుండా అలాగే, అన్నీ ఒక తాపేశ్వరం కాజాల డబ్బాలో పెట్టి ఉన్నాయి. ఎప్పుడైనా గిటారు అమ్మితే డబ్బా కూడా ఇచ్చేస్తాను. నాబుల మధ్య చిల్లు పూడ్చలేదు. కొన్నవాళ్లకి స్విచ్చి కావాలంటే పని సగం తగ్గుతుంది.